పెద్దసారు డబ్బాకు పూలమాల

ఇప్పుడు కంప్యూటరులో ఒక గడి కావాలంటే మౌస్ పట్టుకుని ఇటు నుంచి అటు లాగితే చాలు, గడి పుట్టేస్తుంది. లోపల పేరు టైపు చేస్తే, పేరు పొడుగయ్యే కొద్దీ గడి తనంతట తానే పెరుగుతుంది. మొన్న మా మేనకోడలు తన ఆఫీసు పని చేసుకుంటూ ఇదంతా చూపిస్తే "ఓహో" అని ఊరుకున్నాను గానీ, లోపల కాస్త ఉక్రోషం వచ్చిన మాట నిజం. మేము ఉద్యోగాల్లో చేరిన కాలంలో గడి ఊరికే పుట్టేది కాదు. డ్రాయింగు షీటును బోర్డుకు పిన్నులతో బిగించాలి, టీ-స్క్వేరు ఆనించాలి, పెన్సిలుతో గీయాలి, తుడవాలి, మళ్ళీ గీయాలి. అది కుదిరాక రూలింగు పెన్నులో నల్ల ఇంకు చుక్క చుక్కగా పోసుకుని, ఊపిరి బిగబట్టి గీత లాగాలి. ఆ క్షణంలో పక్కన ఎవరైనా తుమ్మితే (పత్తి దుమ్ముకు మా ఆఫీసులో అందరూ తుమ్మేవాళ్ళే) అంతే సంగతులు. అంత కష్టపడి నేను గీసిన గళ్ళే ఒకసారి నా ఉద్యోగాన్ని ఊడగొట్టబోయి, ఎందుకో మనసు మార్చుకున్నాయి.

మాది ఆదోని. మా వంశంలో మగవాళ్ళయితే మంత్రాలయంలో మఠం పనో, బడిపంతులు పనో చేయాలి. ఆడవాళ్ళకైతే ఆ మొదటిది కూడా లేదు, బడి ఒక్కటే. నాన్న, పెదనాన్న, అత్త, అక్క, అందరూ టీచర్లే. అందరం భోజనాలకు కూర్చుంటే ఒకరి మాటను ఇంకొకరు దిద్దడంతోనే సరిపోయేది. చారులో ఉప్పు తక్కువైందని చెప్పినా "మళ్ళీ చెప్పు, గట్టిగా, స్పష్టంగా" అనేవాడు నాన్న. ఆ ఇంట్లో ఇన్నేళ్ళు విద్యార్థిగా బతికాక, చచ్చినా సుద్దముక్క పట్టకూడదని తీర్మానించుకుని ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేశాను. నాన్న తిట్టలేదు. "సరే, గీసుకో. ఉద్యోగం పర్మనెంటు అయితే నీ దోవ నీది. కాకపోతే వచ్చే యేడు టీచరు ట్రైనింగుకు పోవల్ల. మాట ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను. ఆ మాట ఇచ్చిన రోజు నుంచీ రాత్రి కళ్ళు మూసుకుంటే నల్లబల్లలే కనిపించేవి.

ఎమ్మిగనూరులో ఒక నూలు మిల్లులో నక్షాలకు నకళ్ళు గీసే టెంపరరీ ట్రేసరుగా చేరాను. పొద్దున్నే ఆదోని నుంచి బస్సు, ఒళ్ళో టిఫిన్ డబ్బా, భుజాన గొట్టంలా చుట్టిన షీట్లు. (కండక్టరు చాలా కాలం నన్ను క్యాలెండర్లు అమ్మే పిల్ల అనుకున్నాడు.) మిల్లు మేనేజరును అందరూ పెద్దసారు అనేవారు. దేవనకొండ దగ్గర పల్లెలో వర్షం పడితే పంట, పడకపోతే పస్తు అనే ఇంట్లో పుట్టి, చదువుకుని పైకొచ్చిన మనిషి. ఆయన నవ్వగా చూసినవాళ్ళు మిల్లులో లేరు. ఆయన నడిచి వస్తుంటే యంత్రాలు కూడా కాస్త మెల్లగా తిరుగుతాయని మా అటెండరు ప్రమాణం చేసి చెప్పేవాడు. ఆ అటెండరు పేరు ఏదైనా, మాకు మాత్రం సైకిలన్న. పక్క గదికి పోవాలన్నా సైకిలు తీసేవాడు.

దసరా దగ్గర పడుతుండగా ఒకరోజు పెద్దసారు నన్ను పిలిపించాడు.

"హైదరాబాదు నుంచి పెద్ద ఆఫీసరు దసరా అయినాక వస్తాండాడు. మన మిల్లులో ఎవరి కింద ఎవరుండేదీ ఆయప్పకు గోడ మీద చూస్తానే తెలిసిపోవల్ల. డబ్బాలు గీసి పేర్లు రాయి. తెలుగులోనే. బాగొస్తే నీ పర్మనెంటు సంగతి ఆయప్ప చెవిన వేస్తా" అన్నాడు.

బాగా రాకపోతే ఏం వేస్తాడో చెప్పలేదు, నేనూ అడగలేదు. వెళ్ళబోతూ మాత్రం మెల్లగా, "సార్, అందులో నా పేరు?" అన్నాను. "టెంపరరీ వాళ్ళకు డబ్బా ల్యా" అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే.

డబ్బాలు గీయడం నాకు కష్టం కాదు. నా దగ్గర ఆకుపచ్చ ప్లాస్టిక్ స్టెన్సిల్ ఉండేది, దాంట్లో చతురస్రాలు, వృత్తాలు, బాణం గుర్తులు అన్నీ ఉండేవి. అక్షరాల స్టెన్సిల్ కూడా ఉండేది గానీ అది ఇంగ్లీషుది. ఇంగ్లీషు అక్షరాలు బడిపిల్లల్లా బుద్ధిగా గీత మీద నిలబడతాయి. మన అక్షరాలు అలా కాదు, ఒకటి పైకి కొమ్ము విసురుతుంది, ఇంకొకటి కిందికి ఒత్తు వేలాడదీస్తుంది. ముందు డబ్బా గీసి తర్వాత పేరు రాస్తే ఒత్తులన్నీ గీత దాటి కింది డబ్బావాడి నెత్తి మీద పడ్డాయి. అందుకని తెలివి ఉపయోగించి (ఆ వయసులో నాకు తెలివికి కొదవ ఉండేది కాదు) ముందు పదవి పేరు రాసి, తర్వాత దాని చుట్టూ సరిపోయేంత డబ్బా గీశాను. చూడముచ్చటగా వచ్చింది. ఒత్తులు లోపల, గీతలు బయట. మురిసిపోతూ తీసుకెళ్ళి పెద్దసారు బల్ల మీద పరిచాను.

ఆయన పైన ఉన్న ఒక చిన్న డబ్బా మీద వేలు పెట్టాడు.

"ఇది నేనేనా?"

"అవును సార్. 'మేనేజరు' అంటే చిన్న మాట గదా సార్."

వేలు మెల్లగా కిందికి జరిగి, షీటుకు ఒక అంచు నుంచి దాదాపు రెండో అంచు దాకా పరుచుకున్న డబ్బా దగ్గర ఆగింది. "మరి ఈ మహానుభావుడెవరు?"

"'రాత్రి కాపలాదారు మరియు పూలతోట సంరక్షకుడు' సార్."

పెద్దసారు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ మహానుభావుడు చెంబుతో బంతి మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. "అంటే, ఆఫీసరు వస్తానే ముందు ఆయప్పకు దండం పెట్టి, తరువాత నన్ను ఎతుకుతాడన్నమాట" అన్నాడు. నేను షీటు చుట్టుకుని బయటపడ్డాను.

రెండోసారి డబ్బాలన్నీ ఒకే కొలతలో గీశాను. అప్పుడు పెద్ద పదవి పేర్లవాళ్ళకు అక్షరాలు చీమ తలకాయలంత అయ్యాయి. విషయం మిల్లంతా పాకింది. అప్పటిదాకా నేనున్నానని కూడా గుర్తించని పెద్దమనుషులు నా బోర్డు చుట్టూ చేరడం మొదలుపెట్టారు. ఒకాయన జామకాయలు తెచ్చి "అక్షరాలు కొంచెం లావు చెయ్యి తల్లీ" అన్నాడు. స్టోర్సు చూసే ఆయనైతే (నడుముకు ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడేది గనుక తాళాల సారు) స్కేలు తెచ్చుకుని మరీ కొలిచాడు. "పాపా, అకౌంట్ల సారు డబ్బా నా డబ్బా కంటే రవ్వంత పైన ఉండాది గదా" అన్నాడు బాధగా. చెయ్యి జారింది సార్ అన్నాను. "నీ చెయ్యి నా పక్కకెందుకు జారల్యా?" అని అడిగాడు. దానికి ఐటీఐలో నాకెవరూ జవాబు నేర్పలేదు.

చివరికి పెద్దసారుకు పైన అందరికంటే పెద్ద డబ్బా, మిగతావాళ్ళకు సమానంగా చిన్న డబ్బాలు అని తేల్చాను. కానీ ఆ పెద్ద డబ్బాలో 'మేనేజరు' అనే చిన్నమాట ఖాళీ గదిలో ఒక్క పీట వేసినట్టు బోసిగా ఉండిపోయింది. పెద్దసారుకూ అదే అనిపించినట్టుంది. సొరుగులోంచి తన ఫోటో ఒకటి తీసి, ఇటూ అటూ చూసి, "జాగా మిగిలింది గదా, ఇది అంటియ్యి" అన్నాడు. గంభీరమైన ఫోటో. (వేరే రకం ఫోటో ఆయనకు ఉండే అవకాశం లేదు.) దాన్ని నడిమధ్యన అంటించి, పెద్దరికం తెలియాలని చుట్టూ నల్ల ఇంకుతో లావుపాటి గీత లాగాను. ఆదోనిలో దేవుడి పటాలు కట్టే అంగడికి తీసుకెళితే, అంగడాయన కాసేపు ఆలోచించి, "బంగారు రంగు దేవుళ్ళకు, ఎరుపు పెండ్లి ఫోటోలకు. ఆఫీసుకు నలుపే పద్ధతిగా ఉంటాదమ్మా" అని నల్ల చెక్కతో ఫ్రేము బిగించి, అద్దం వేసి ఇచ్చాడు. దాన్ని ఆఫీసు హాలులో తలుపుకు ఎదురుగా తగిలించాం. నాకు అందులో నల్లటి గీతల నాణ్యత తప్ప ఇంకేమీ కనిపించలేదు. అందుకే అంటారేమో, మనం గీసినదాన్ని మనం చూడలేమని. (ఎవరూ అనరు. ఇప్పుడే నాకు తోచింది.)

ఆ తర్వాత ఆయుధపూజ వచ్చింది. మిల్లులో అది పెద్ద పండగ. దారం వడికే యంత్రం నుంచి కత్తెర దాకా పనికొచ్చే ప్రతి వస్తువునూ కడిగి, విభూతి రాసి, కుంకుమ పెట్టి, చామంతి దండ వేస్తారు. ఆఫీసు భాగం సైకిలన్నది. టైపు మిషనుకు దండ, ఫోనుకు దండ, బీరువాకు దండ, తన సైకిలుకు రెండు దండలు వేశాక ఆయన దగ్గర ఒకటి మిగిలింది, అన్నిటికంటే లావుది. చుట్టూ చూస్తే గోడ మీద మా చార్టు. తర్వాత అడిగితే, "ఆఫీసంతా దీంట్లోనే ఉండాది గదమ్మా, దీనికి పూజ చేయకపోతే ఎట్ల?" అన్నాడు. ఆ మాటలో తప్పేముంది? చార్టు కూడా ఆయుధమే. దండ పై మేకుకు తగిలిస్తే అది సరిగ్గా పెద్దసారు డబ్బా చుట్టూ పడింది. అద్దం మీద ఫోటో నుదుటికి కుంకుమ బొట్టు పెట్టాడు. కింద స్టూలు వేసి దీపం వెలిగించి, అరటిపండుకు ఊదుబత్తులు గుచ్చాడు. నేను నా టీ-స్క్వేరుకు బొట్టు పెట్టుకోవడంలో మునిగి ఉండి ఇటు చూడనే లేదు.

పెద్దసారు ఆ సమయానికి మిల్లు లోపల యంత్రాల దగ్గర పూజలో ఉన్నాడు. అప్పుడే దేవనకొండ వైపు నుంచి వచ్చిన బస్సు దిగి, సంచిలో బొరుగులు, శనక్కాయలు మోసుకుంటూ ఒక ముసలామె ఆఫీసు గడప ఎక్కింది. పెద్దసారు తల్లి. కొడుకు ఆఫీసులో పూజ జరుగుతుందని తెలిసి చూడవచ్చింది. చదువు రాదు, కొడుకు కూర్చునే చోటు అంతకుముందెన్నడూ చూడలేదు. నవ్వుతూ లోపలికి వచ్చింది. తల ఎత్తింది. ఎదురుగా నల్ల ఫ్రేము, నల్ల గీత, గీతలో కొడుకు ఫోటో, ఫోటోకు దండ, దండ కింద దీపం.

సంచి కిందపడి శనక్కాయలు హాలంతా దొర్లాయి.

"అయ్యో నా కొడకా! నాకొక మాటైనా సెప్పకుండా పోతివారా! ఈ ముసల్దాన్ని యాడ ఇడిసిపెడితివిరా నాయనా!"

నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి "అవ్వా, సారు బతికే ఉన్నాడవ్వా!" అన్నాను. ఆ ఏడుపులో నా మాట నాకే వినిపించలేదు. అవ్వ గుండెలు బాదుకుంటుంటే నూలు కండెలు చుట్టే విభాగంలోని ఆడవాళ్ళు పరుగున వచ్చారు. మా వైపు ఒక పద్ధతి ఉంది. ఒక ముసలామె దండ వేసిన ఫోటో ముందు కూర్చుని ఏడుస్తుంటే, ఎవరు, ఏమిటి అని విచారించడం మర్యాద కాదు. ముందు పక్కన కూర్చుని ఏడవాలి, విచారణ తర్వాత. వాళ్ళు అవ్వ చుట్టూ కూర్చుని ఏడుపు అందుకున్నారు. వెనకాల వచ్చిన మగవాళ్ళు భుజాల మీది తువ్వాళ్ళు చేతుల్లోకి తీసుకున్నారు. పొద్దున పెద్దసారు చేత చీవాట్లు తిన్నవాళ్ళు కూడా "ఎంత మంచోడు!" అన్నారు. తాళాల సారైతే వెక్కి వెక్కి ఏడ్చాడు గానీ, కళ్ళు తుడుచుకునే నెపంతో పై డబ్బా వైపు ఒకసారి కొలతగా చూశాడని నా అనుమానం.

ఇంతలో పూజ ముగించుకుని నుదుట ఇంత బొట్టుతో పెద్దసారు వచ్చాడు. వాకిట్లో జనం. కంగారుగా ఒకడి భుజం పట్టుకుని "ఏమైంది? ఎవరు పోయినారు?" అన్నాడు.

వాడు వెనక్కి తిరగకుండానే ముక్కు చీదుతూ, "పెద్దసారు పోయినాడంటప్పా, పాపం" అన్నాడు.

ఆయన జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చాడు. "అమ్మా!" అన్నాడు. అవ్వ తల తిప్పింది. ఏడుపు ఆగిపోయింది. ఫోటోను చూసింది, ఆయన్ను చూసింది, మళ్ళీ ఫోటోను చూసింది. లేచి నిలబడి, మిల్లు మొత్తం చూస్తుండగా, మా పెద్దసారు చెంప మీద ఒక్కటిచ్చింది. ఆ తర్వాత ఆయన్ను వాటేసుకుని మళ్ళీ ఏడ్చింది. యంత్రాలను భయపెట్టే ఆ మనిషి తల్లిని కూర్చోబెట్టి, తానూ నేల మీద, శనక్కాయల మధ్య చతికిలబడి ఆమె ఒళ్ళో తల పెట్టుకుని "ఊరుకోమ్మా, నేను ఈడనే ఉండా" అన్నాడు. నాకు నవ్వు రావాల్సిన చోట కళ్ళనీళ్ళు వచ్చాయి. అవి కాస్త నా గురించి కూడా. ఎందుకంటే ఆయన తల ఎత్తి "ఈ డబ్బాలు గీసినదెవరు?" అనగానే తెలిసి కూడా అడుగుతున్నాడని అర్థమై, నాకు టీచరు ట్రైనింగు కాలేజీ గేటు కళ్ళ ముందు నిలిచింది.

"నేనే సార్" అన్నాను.

జవాబు చెప్పింది ఆయన కాదు, అవ్వ. "ఇటు రా పిల్లా" అంది. లేచి దండ తీసేయించి, అద్దం మీంచే ఆ గీతల వెంట వేలు పెట్టి చూసింది. "సుట్టూ గీత గీసి మూసిపెడితివే. గోరీ మాదిరుండాది. మనిసన్నాక బయటికి వచ్చేదానికి దోవ ఉండొద్దా? కింది గీత తీసెయ్."

"అమ్మా, అది ఆఫీసు చార్టు. డబ్బా అంటే నాలుగు పక్కలా మూసే ఉంటాది" అన్నాడు పెద్దసారు.

"నువ్వు గమ్మునుండు. నీదొకటే కాదు, అందరివీ తియ్ పిల్లా. వీళ్ళకు మాత్రం అమ్మలు ల్యారా?" తర్వాత ఆమె చార్టంతా పై నుంచి కింది దాకా చూసి, "దీంట్లో నీది యాడుంది?" అని అడిగింది.

"నాది లేదవ్వా. నేను టెంపరరీ."

అవ్వకు ఆ మాట అర్థం కాలేదు. సైకిలన్న వివరించాడు. అర్థమయ్యాక కొడుకు వైపు తిరిగి, "ఇంతమందికి ఇండ్లు కట్టినదానికి ఒక గుడిసె గూడా ఇయ్యకపోతివా?" అంది. పెద్దసారు చెంప తడుముకున్నాడు.

సైకిలన్న మేకులు పీకి ఫ్రేము విప్పాడు. నేను బ్లేడు తీసుకుని కూర్చున్నాను. నల్ల ఇంకును కాగితం మీంచి తీయడం గీయడం కంటే కష్టం. చిరగకుండా పొట్టు పొట్టుగా గీకాలి, తర్వాత గోటితో రుద్ది నునుపు చేయాలి. ఒక్కో డబ్బా కింది గీతా తీస్తూ పోయాను. తీరా చూస్తే డబ్బాల నుంచి కిందికి దిగే గీతలన్నీ గాలిలో వేలాడుతున్నాయి. వాటిని కాస్త పైకి సాగదీసి పేర్ల దాకా తెచ్చాను. అంటించిన ఫోటో ఊడదీసి ఇస్తుంటే పెద్దసారు పక్కనే నిలబడి చూస్తున్నాడు. చివరికి "ఆ కింద మూలలో జాగా ఉండాదా?" అన్నాడు. ఉంది సార్ అన్నాను. "అయితే నీదీ గీసుకో. పెన్సిలుతో." ఒక క్షణం ఆగి, "ఇంకు ఇప్పుడే వద్దు" అన్నాడు.

దసరా అయ్యాక ఆఫీసరు వచ్చాడు. కళ్ళజోడు తుడుచుకుని చార్టు ముందు నిలబడ్డాడు. "ఇదేమిటండీ, గడులన్నీ కింద తెరిచి ఉన్నాయి?" అన్నాడు. తల్లి చెప్పిందని పెద్దసారు ఆఫీసరుకు ఎలా చెబుతాడు? కొంచెం ఆలోచించి, "కిందోళ్ళు పైకి వచ్చేదానికి దోవ సార్" అన్నాడు. ఆఫీసరు ఆయన్ను ఎగాదిగా చూసి, "భేష్" అన్నాడు. తర్వాత వంగి, మూలలో కనీకనిపించని నా గడిని పట్టుకున్నాడు. "మరి ఇది పెన్సిలుతో ఉందేం?"

"గీసిన పిల్లది సార్. దాని ఇంకు మీ చేతిలో ఉండాది" అన్నాడు పెద్దసారు. ఆ మాట అంటూ నవ్వాడు. మిల్లులో ఆ నవ్వు చూసినవాళ్ళం అందరం తర్వాత చాలా రోజులు అది నిజమేనా అని ఒకరినొకరు అడిగాం.

పర్మనెంటు ఆర్డరు కాగితం వచ్చిన రోజు నాన్న దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివి, "కామాలు సరిగా లేవు" అన్నాడు. మా ఇంట్లో దీవెన అంటే అదే. మరుసటి రోజు మిల్లుకు పోయి, ఫ్రేము విప్పించి, నా పెన్సిలు గీతల మీద ఇంకుతో గీశాను. మూడు గీతలే. ఆ రోజు ఎవరూ తుమ్మలేదు. తుమ్మొచ్చిన తాళాల సారు ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తడం నేను కళ్ళారా చూశాను.

రిటైరయ్యేదాకా ఎన్నెన్ని గళ్ళు గీశానో. ఇదంతా మొన్న మేనకోడలికి చెప్పాలనిపించి, దాని కంప్యూటరులో పుట్టిన గడిని చూపిస్తూ "దీనికి కింది గీత తీసెయ్యవే" అన్నాను. అది ఏవేవో నొక్కింది, వెతికింది, చివరికి "అట్ల కుదరదత్తా, గడి అంటే నాలుగు పక్కలా మూసే ఉంటాది" అంది. అచ్చం పెద్దసారు అన్నట్టే! కావాలంటే మూడు గీతలు విడివిడిగా గీయాలంట. గీయమన్నాను. పాపం, ఓపిగ్గా గీసింది. "లోపల ఏం రాయమంటావు?" అంది. 'అవ్వ' అని రాయమన్నాను. రాసి, నా ముఖంలోకి చూసి, "అవ్వంటే ఏం పోస్టత్తా?" అని అడిగింది.

"మేనేజరు పైన" అన్నాను. అంత కాలం, అంత మందికి గళ్ళు గీసిన నాకు, అందరి పైనా గీయవలసిన ఆ ఒక్క గడి ఇన్నేళ్ళకు గుర్తొచ్చిందని నవ్వొచ్చింది. తుమ్ము కూడా వచ్చింది గానీ, ఎందుకో పాత అలవాటు, గట్టిగా ఆపుకున్నాను.